ఆడని మ్యాపు మీద డబ్బు మింగేశారు: పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగువారికి హెచ్చరిక

కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ అనే తుపాకుల వీడియో గేమ్‌ల పోటీలు చూసే కుర్రాళ్లకూ, వారి ఇళ్లలోని పెద్దలకూ ఈ మాట చేరాలి. ఒక్కో మ్యాపు (పోటీలో ఒక విడత ఆట) ఎవరు గెలుస్తారో ఊహించి 'అవును', 'కాదు' వాటాలు కొనమనే యాప్ ఒకటి ఏజెంట్ల ద్వారా మన ఊళ్లలో తిరుగుతోంది. దయచేసి దాని జోలికి వెళ్లకండి.

పైకి చూస్తే లెక్క తేలిక. ఊహ నిజమైతే వాటాకు ₹10, కాకపోతే సున్నా. మధ్యలో ఆటను బట్టి ధర మారుతుంది. మూడు మ్యాపుల పోటీలో ఒక జట్టు మూడో మ్యాపు గెలుస్తుందని నేను వాటాలు కొన్నాను. ఆ జట్టు మొదటి రెండూ గెలిచేసింది. 2-0 అయితే మూడోది ఆడరు, ఈ ఆటలు చూసేవారందరికీ తెలిసిందే. కొనేటప్పుడు నిబంధనల పేజీలో 'మ్యాపు జరగకపోతే కొన్న ధర వాపసు' అని స్పష్టంగా ఉంది, దాని స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. మర్నాడు అదే పేజీలో 'జరగని మ్యాపును ఎవరూ గెలవనట్టే' అని మారిపోయింది. నా వాటాలు సున్నా. ఎదుటి జట్టు మీద కొన్న పాతపట్నం మిత్రుడివీ సున్నాయే! రెండు వైపులా కట్టిన డబ్బు ఎవరికి చేరినట్టు? అడిగితే 'మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది' అన్న ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తోంది.

జరిగిన మ్యాపుల్లోనూ మనకు న్యాయం లేదు. కౌంటర్-స్ట్రైక్ 2లో ముందుగా 13 రౌండ్లు గెలిచిన జట్టుదే మ్యాపు, 12-12 అయితే అదనపు రౌండ్లు. కాబట్టి చివరి రౌండ్లలో ధర ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. మన ఫోనులో వచ్చే ప్రసారం మాత్రం అసలు ఆట కంటే వెనక నడుస్తుంది. ఆటలో ఒక జట్టు బాంబు పెట్టడం మనం చూసేసరికి, ఆ సమాచారం ముందే అందుకున్నవారు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటారు. చిన్న జట్ల మ్యాపులైతే మరీ ఘోరం. కొనడానికి ₹7 చూపించే చోటే అమ్మబోతే ₹4.50 చూపిస్తుంది, అవతల కొనేవారే ఉండరు. పైగా చిన్న పోటీల్లో కావాలని ఓడిపోయే జట్లూ ఉన్నాయి. 2014లో ఐబైపవర్ అనే కౌంటర్-స్ట్రైక్ జట్టు అలా ఓడింది. ఆ సంగతి బయటపడి, ఆ ఆటను తయారుచేసే వాల్వ్ సంస్థ 2015లో దాని ఆటగాళ్లను నిషేధించింది.

ఇక గెలిచిన డబ్బు తీసుకోబోతే 'ముందు 30 శాతం పన్ను పంపండి' అన్నారు. నమ్మకండి. ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే, కానీ దాన్ని గెలిచిన సొమ్ములోంచి కోస్తారు తప్ప మన చేత ఎదురు కట్టించరు. పంపమన్న యూపీఐ ఖాతాలు కూడా సంస్థవి కావు, ప్రతిసారీ ఎవరో ఒక వ్యక్తి పేరు.

'ఆంధ్రలోనే నిషేధం బాబూ, మన ఒడిశాలో ఏమీ కాదు' అని ఏజెంటు చెబుతాడు. సరిహద్దు దాటి వచ్చేవారిని ఈ మాటతోనే పట్టుకుంటున్నారు. ఇది పచ్చి అబద్ధం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ ఒకటే. ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీలు) ఆడడాన్ని అది గుర్తించింది, డబ్బు పెట్టి ఆడించడాన్ని నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, ₹1 కోటి వరకు జరిమానా. ఆ చట్టంలోని శిక్షలు నడిపేవారికి, ప్రచారం చేసేవారికి, డబ్బు చేరవేసేవారికే గానీ ఆడినవారికి కావు. కనుక మోసపోయినవారు భయపడి ఊరుకోవద్దు.

డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. లావాదేవీ సంఖ్యలు, ఏజెంటు సందేశాలు చెరిపేయకండి. తెలిసినవారి అబ్బాయే కదా అని ఏజెంటు విషయంలో మొహమాటపడవద్దు. నేను ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. నా స్క్రీన్‌షాట్‌కు తోడుగా, మారకముందు ఉన్న ఆ నిబంధనల పేజీ స్క్రీన్‌షాట్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి నాకు పంపండి, జతచేస్తాను.