ఒంటరైన పుంజుకు తోడు: పిల్లలా, పెట్టలా?

"పెట్టలన్నీ పోయాయి, పుంజొక్కటే మిగిలింది. దానికి తోడుగా ఏం తేవాలి?" అని ఈమధ్య నన్ను చాలామందే అడిగారు. చంద్రగిరి దగ్గర మా పెరట్లోనూ ఇదే జరిగింది. కార్తీకంలో ఒక రాత్రి వీధికుక్కలు కంచె కింద తవ్వి లోపలికి దూరి ఐదు పెట్టల్నీ చంపేశాయి. చింతచెట్టెక్కి పడుకునే మా పుంజు డేగ మాత్రం బతికింది.

వారం రోజులు అది సరిగ్గా కూయలేదు. నూకలు చల్లితే ఒక గింజను ముక్కుతో పట్టుకుని, కింద వదిలి, మళ్లీ పట్టుకుని "కొక్ కొక్ కొక్" అని పిలిచేది. ఎవరూ రారు. కాసేపు మెడ చాచి చూసి, ఆ గింజ తినకుండానే గోడ పక్కకు పోయి నిలబడేది. అప్పుడు నాకు అర్థమైంది, దీనికి పిలిస్తే వచ్చేవాళ్లు కావాలని. మేత చూపడం, గద్ద నీడ కనపడితే హెచ్చరించడం పుంజు పని. ఆ పని లేకుండా పోయింది పాపం దానికి. ఏ తోడు మేలు అన్నది నేను ఈ లెక్కతోనే చూస్తాను.

ఖర్చు తక్కువని ఎక్కువమంది ముందు పిల్లల్నే అనుకుంటారు. కొన్ని పుంజులు పిల్లల్ని చేరదీస్తాయి, కొన్ని పొడిచి చంపేస్తాయి, మన పుంజు ఏం చేస్తుందో ముందే చెప్పలేం. బల్బు వెచ్చదనం కావాలి కాబట్టి మొదట్లో ఎలాగూ వేరుగానే పెంచాలి. నాటు పిల్ల గుడ్లకు రావడానికి ఆరు నెలలైనా పడుతుంది. పైగా వాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి, ఎదిగాక అదొక టెన్షన్.

నేను పెట్టలవైపే. గుడ్లకొచ్చిన నాటు పెట్టలు, అదీ ఒక్కటి కాదు, మూడు. ఒక్కదాన్నే తెస్తే పుంజు రోజంతా దాన్నే తొక్కుతుంది, వీపు మీద ఈకలు ఊడి చర్మం చీరుకుపోతుంది. మూడింటికీ అప్పుడప్పుడు వీపులు చూస్తుండాలి. మూడూ ఒకే ఇంటి నుంచి తెస్తే వాటిలో వాటికి కొట్లాట తక్కువ.

ఇంకో పుంజును తేవడం కొట్లాటను కొని తెచ్చుకోవడమే. మన పుంజును వేరే మందలో వదిలినా అక్కడి పుంజు ఊరుకోదు. ఫారాల్లో గుడ్ల కోసం పెంచి తీసేసిన లేయర్ కోళ్లు చవకే గానీ, పంజరంలో పెరిగినవాటికి పెరడు అలవాటు కావడం కష్టం. అద్దం పెట్టమనేవాళ్లూ ఉన్నారు, అందులో కనపడేదాన్ని శత్రువనుకుని పుంజు పొడవచ్చు.

ఏవి తెచ్చినా మూడు వారాలు దూరంగా ఉంచండి. కోళ్లను చంపే అంటువ్యాధి కొక్కెర తెగులు సోకిన కోడిలో రెండు వారాల దాకా ఏమీ కనపడకపోవచ్చు. ముందు పుంజుకు మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. మీ పెట్టలు జబ్బుతో పోయి ఉంటే మాత్రం తొందరపడొద్దు. మిగిలిన పుంజు బాగానే కనపడుతూ తెగులు అంటించవచ్చు. గూడు కడిగి, సున్నం కొట్టి, పశువుల డాక్టరును అడిగి, టీకా పడిన పెట్టల్నే తెచ్చుకోండి.

మేము తెచ్చిన పెట్టల్ని అలా దూరంగా ఉంచాక, ఇంకో వారం డేగకూ వాటికీ మధ్యలో వలకంచె కట్టి ఉంచాం. రెండో రోజే డేగ వల పక్కకు గింజ తెచ్చి పెట్టి పిలవడం మొదలుపెట్టింది. కంచె తీసిన సాయంత్రం బూడిదరంగు పెట్ట ఒకటి నేరుగా వచ్చి, దాని ముక్కు కిందున్న గింజను తీసుకుని తినేసింది. డేగ ఇంకో గింజ వెతకడానికి నేల గీరింది.