ఇత్తడి మరల సీపీవీసీ ఎఫ్‌టీఏ: పాత జీఐ పైపుకు సరైన జోడు

పాత ఇళ్ల గోడల్లోని జీఐ (జింకు పూత ఇనుప) పైపులన్నిటినీ ఒక్కసారిగా పెకలించడం అందరికీ సాధ్యం కాదు కనుక, స్నానాల గది వరకు కొత్తగా సీపీవీసీ (వేడినీటికి వాడే ప్లాస్టిక్) పైపు లైను వేయించి, దానిని ట్యాంకు నుంచి దిగే ఇనుప గొట్టానికి కలిపించుకోవడం పరిపాటి. ప్లాస్టిక్ పైపులను అతికించే సాల్వెంట్ సిమెంట్ లోహాన్ని పట్టుకోదు కాబట్టి ఈ కలయికకు మరలే ఆధారం. మా ఇంట్లో ఇందుకు వాడినది లోపల ఇత్తడి మరలున్న ముప్పావు అంగుళం ఎఫ్‌టీఏ, అంటే ఒక వైపు ఇనుప పైపు మరకు బిగిసి, మరో వైపు సీపీవీసీ పైపు అతికే జోడు.

పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసినది దీనికన్నా చాలా చవక. అయినా ఇక్కడ పొదుపు తగదు. జీఐ పైపు మర కొసన సన్నగా, వెనక్కి పోయేకొద్దీ లావుగా ఉండటం వల్ల, బిగించినకొద్దీ చీలికలో దిగగొట్టిన మేకులా లోపలి నుంచి ఒత్తుతుంది; ఆ ఒత్తిడిని ప్లాస్టిక్ మొదట తట్టుకున్నా, వేడినీటికి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ కొంతకాలానికి నిలువునా బీట వారవచ్చు. ఇత్తడి రకంలో ఆ భారమంతా లోహమే మోస్తుంది. మా జాయింటు నుంచి ఇంతవరకు చుక్క కారలేదు.

ఇందులో సగం ఘనత మా ప్లంబరుదే. తుప్పు తిన్న పాత మరను కోసేసి, డైతో కొత్త మర తీసి, టెఫ్లాన్ టేపును మర తిరిగే దిశలోనే చుట్టి బిగించిన తరువాతే సీపీవీసీ పైపును అతికించారు.

కొలత విషయంలో కంటిచూపును నమ్మరాదు. ముప్పావు అంగుళం సీపీవీసీ వెలుపలి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, అర అంగుళం జీఐది దాదాపు 21.3, పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అనిపిస్తాయి. అందుకే కోసిన జీఐ ముక్కను దుకాణానికి తీసుకువెళ్లి ఫిటింగును దానికి ఎక్కించి చూడటం మంచిది.

నాకు నచ్చనిది దీని వెలుపలి భాగం. రెంచి పట్టే అంచులు కూడా ప్లాస్టిక్‌వే కావడంతో పళ్ల గాట్లు పడతాయి, మరీ బలంగా తిప్పితే ఇత్తడి ముక్క ప్లాస్టిక్‌లోనే తిరిగిపోయే ప్రమాదం ఉంది. పట్టు కూడా ఇత్తడిదే ఉన్న రకం దొరికితే కొంత ఎక్కువ పెట్టి అదే కొనవచ్చు. ఒకసారి అతికించాక విప్పే వీలుండదు కనుక పక్కనే ఒక యూనియన్ (విప్పి మళ్లీ బిగించుకోగల జోడు) వేయించుకోవాలి. దాని ఖర్చు వేరు.