ఫ్రెస్నో 91.5 రేడియో బిలింగ్వె: ఏళ్ల తరబడి విన్నాక

బాందా, నోర్తెన్యో లాంటి మెక్సికన్ పాటలు కావాలంటే కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో రేడియో మీట కొద్దిగా తిప్పితే చాలు, స్పానిష్ స్టేషన్లు వరసగా తగులుతాయి. అందుకే ఇక్కడ పాటల సంగతి ఎక్కువగా రాయడం లేదు. నన్ను 91.5లో వచ్చే ఈ రేడియో బిలింగ్వె స్టేషనుకు కట్టిపడేసింది ఆదివారం వచ్చే ‘లా ఓరా మిస్తెకా’ (‘మిస్తెకో గంట’) కార్యక్రమం.

నేను ఫ్రెస్నో దగ్గర పళ్లు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేస్తాను. నాకొచ్చిన కాస్త స్పానిష్ అక్కడ నేర్చుకున్నదే. ఇక్కడ సెప్టెంబరులో ద్రాక్ష కోసి, తోట వరుసల మధ్య కాగితాలు పరిచి, ఎండలో కిస్మిస్ చేస్తారు. ఆ రోజుల్లో ఆదివారాలూ పని ఉండేది. ఒక ఆదివారం రేడియోలో వ్యాఖ్యాత మాటలు ఉన్నట్టుండి నాకు అర్థం కావడం మానేశాయి. స్వరం ఎక్కుతూ దిగుతూ సాగే వేరే భాష అది. పక్కన పళ్లు ఏరుతున్న పెద్దావిడ పని ఆపేసింది. అది తమ ఇంటి భాష మిస్తెకో అని చెప్పింది. మెక్సికో దక్షిణాన వహాకా ప్రాంతంలో, స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ మాట్లాడుతున్న భాష. అంతవరకు ఆవిడ నోట స్పానిష్ తప్ప మరో మాట నేను వినలేదు.

ఆ ప్రాంతపు చిలేనా పాటల మధ్య పలకరింపులు చదువుతున్నారు: ఇక్కడి తోటల్లో ఉన్న ఫలానావారు, ఫలానా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు. తన ఊరి పేరు రాగానే ఆవిడ రేడియోకే గట్టిగా బదులు చెప్పింది. చిన్నప్పుడు వివిధభారతిలో పాట కోరిన శ్రోతల పేర్లు చదువుతుంటే మా ఇంట్లోనూ చెవులు రిక్కించి వినేవారు. కానీ అక్కడ కోరుకున్నది పాట. ఇక్కడ ఏళ్లుగా చూడని తల్లికి కబురు.

ఈ స్టేషను స్థాపకుడు ఊగో మొరాలెస్ కూడా వహాకా నుంచి వచ్చిన మిస్తెకో కుటుంబంవారే. చిన్నతనంలో కాలిఫోర్నియా తోటల్లో కూలి పని చేసి, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, మళ్లీ ఈ వ్యాలీకే వచ్చారు. 1980 జూలై 4న ప్రసారాలు మొదలయ్యాయి. 1994లో ఆయనకు అమెరికాలో ప్రతిభావంతులకు ఇచ్చే మెక్ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఇది వ్యాపార ప్రకటనల మీద కాక విరాళాలు, గ్రాంట్ల మీద నడిచే స్టేషను. ప్రకటనల లెక్క చూసుకునేవారెవరైనా తోట కూలీల భాషకు ఇంత సమయం ఇస్తారని నేను అనుకోను.

మెక్సికో వాద్యబృందాల మరియాచీ పాటలు మొదట్లో ఎంత విన్నా తనివి తీరేది కాదు. ఇప్పుడు కొంతసేపయ్యాక శబ్దం తగ్గిస్తున్నాను. శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే ‘లీనియా అబియెర్తా’ చర్చలు స్పానిష్ నేర్చుకునేటప్పుడు నాకు బాగా అక్కరకొచ్చాయి. కానీ పాటల కోసమే రేడియో పెట్టేవారికి అవి అడ్డుగా అనిపించవచ్చు. 99వ నంబరు రహదారి మీద దక్షిణానికి వెళ్తుంటే 91.5 క్రమంగా పలచబడుతుంది. బేకర్స్‌ఫీల్డ్ దగ్గర 90.1 పెడితే వీళ్లదే మరో స్టేషను అందుతుంది.

స్పానిష్ రానివారికి, ఈ తోటల మనుషులతో పరిచయం లేనివారికి ఇది ఇంతగా నచ్చుతుందో లేదో చెప్పలేను. నాకు నచ్చడానికి సగం కారణం నా ఉద్యోగం. ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే వింటున్నాను. మిస్తెకో మాటలు అర్థం కావు, కొన్ని ఊళ్ల పేర్లు మాత్రం గుర్తుపడతాను. విరాళం మాత్రం ఏటా పంపుతున్నాను.