మా మహిళా మండలి నెల పత్రిక: భాద్రపద సంచిక

హనుమకొండలో మా వీధి మహిళా మండలి నెలనెలా నాలుగు పేజీల పత్రిక తెస్తుంది. ధర పది రూపాయలు. ఆ నెల వానలు, పండగలు, వంటల గురించి ఆడవాళ్లే రాస్తారు.

భాద్రపద సంచిక చాలా నచ్చింది. అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ దాకా ఏ రోజు ఏ నైవేద్యమో రాశారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యం ఉండదని మా కోడలికి దీంతోనే తెలిసింది. ఒక పెద్దమ్మ గునుగుపూల గురించి రాసింది మాత్రం రెండుసార్లు చదివాను. ఒకప్పుడు చేనుగట్ల మీద తెంపుకొచ్చేవాళ్లట. ఇప్పుడు ఆ చేన్లన్నీ ప్లాట్లయ్యాయి, పూలు కట్టల లెక్కన బజార్లో కొంటున్నాం. తంగేడుదీ అదే కథ. ఇలాంటివి ఇంకా రావాలి.

ఆషాఢం సంచిక అంత బాగాలేదు. గోరింటాకు, మునగాకు గురించి వాట్సాప్‌లో తిరిగే మాటలే ఎక్కువ. అక్షరాలు కూడా మరీ చిన్నవి, మా అత్తమ్మకు నేనే చదివి వినిపించాలి. ధర పదిహేను చేసినా సరే, పెద్ద అక్షరాలు వేయండమ్మా. కార్తీకానికి ఉసిరి పచ్చడి కొలతలు ఇస్తామన్నారు, నాకు రెండు కాపీలు పక్కన పెట్టమని చెప్పొచ్చాను.