పరిహారం కేసు అప్పీలు: తిరుపతిలో మేము ఆశ్రయించిన వకీలు ఆఫీసు

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడికి 2022 జూన్‌లో, సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో, యంత్రంలో చెయ్యి ఇరుక్కుని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా పోయాయి. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద వేసిన కేసులో 2024 జూలైలో ఉత్తర్వు వచ్చింది. నెలకు 12,000 జీతంలో 60 శాతాన్ని, 30 ఏళ్ల వయసుకు చట్టం నిర్ణయించిన గుణకం 207.98తో హెచ్చించి, అందులో రెండు వేళ్లూ కలిపి పోయినందుకు చట్టం షెడ్యూలులో (గాయాల పట్టికలో) ఉన్న 20 శాతం లెక్కన సుమారు 2,99,500 రూపాయలు ఇమ్మన్నారు. మిగిలిన రెండు వేళ్లూ ముడుచుకోవడం లేదన్న మాట లెక్కలోకి రాలేదు. వడ్డీ కూడా ఉత్తర్వు తేదీ నుంచే అన్నారు.

తెలిసినవారు చెప్పగా తిరుపతిలో ఒక వకీలు ఆఫీసుకు వెళ్లాము. ఆయన మొదట తమ్ముడి చేత నీళ్ల గ్లాసు ఎత్తించి చూశారు. బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి ఎత్తాడే గాని పట్టుకోలేకపోయాడు. అది చూసి ఆయన జాలిపడి ఆశలు పెడతారనుకున్నాను. ఆయన మాత్రం, "చేతి సంగతి హైకోర్టు మళ్లీ మొదటి నుంచి విచారించదండీ, ఆ చట్టం 30వ సెక్షన్ కింద అప్పీలు నిలవాలంటే ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న, అంటే చట్టాన్ని అన్వయించడంలో తప్పు, ఉండాలి" అన్నారు. చేతి వైకల్యానికి సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును కింది విచారణలో సాక్షిగా పిలవకపోవడం మా వైపు పొరపాటేనని కూడా మొహమాటం లేకుండా చెప్పారు. ఆ మాట ఆ రోజు నొప్పించింది గాని, మా డబ్బు ఆదా చేసింది కూడా అదే.

ఉత్తర్వు చివరి పేజీలో వడ్డీ తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, అప్పీలు నిలిచేది ఇక్కడేనన్నారు. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని, ఎడమచెయ్యి పోయిన ఒక వడ్రంగి కేసులో 1975లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. నెలలోగా చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టాలి. రెండేళ్లకు మాకు అది దాదాపు 72 వేలు. ఉత్తర్వు నాటి నుంచి 60 రోజుల గడువు ఉందని, యజమాని అప్పీలుకు వెళితే పరిహారం మొత్తం ముందుగా డిపాజిట్ చేయాలని, కార్మికుడికి ఆ షరతు లేదని వివరించి, 41వ రోజున అమరావతిలోని హైకోర్టులో తమ సహచరుడి ద్వారా దాఖలు చేయించారు. మేము అంత దూరం వెళ్లవలసిన అవసరం రాలేదు.

లోపాలు లేకపోలేదు. ఫీజు ముందుగా కాగితం మీద రాసి ఇవ్వరు. జిరాక్సులకూ టైపింగుకూ విడివిడిగా అడుగుతారు, రసీదు రెండుసార్లు గుర్తు చేస్తే గాని రాదు. సాయంత్రం ఆరు దాటితే ఫోను ఎత్తరు. అన్నిటికన్నా నాకు నచ్చనిది, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు ఆ సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందే హక్కు ఉందన్న సంగతి మొదటి రోజే చెప్పకపోవడం. మేము సగం ఫీజు కట్టాక, ఆ ఆఫీసు గుమాస్తాయే మాటల సందర్భంలో చెప్పాడు.

అప్పీలు ఇంకా విచారణలోనే ఉంది. ఉత్తర్వు చదివి ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చి చెప్పించుకోవడానికి ఈ ఆఫీసుకు నిస్సందేహంగా వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, జీతం రుజువులు వెంట తీసుకువెళ్లి, ఫీజు సంగతి మాత్రం కూర్చోగానే రాయించుకోండి.