ట్రెక్‌కి బ్యాగు బరువు తగ్గాలంటే: కొనడం మేలా, తీసేయడం మేలా?

మోసే బరువు తగ్గించుకోవాలనుకోగానే చాలామంది ముందు కొత్త రక్‌సాక్ (వీపున వేసుకునే పెద్ద ట్రెక్కింగ్ బ్యాగు) కొనేస్తారు. అది చివర్లో కొనాల్సిన వస్తువు. 60 లీటర్ల రక్‌సాక్ ఖాళీగానే రెండు కిలోల దాకా తూగుతుంది, నిజమే. కానీ సామాను అంతే ఉంచి, నడుము బెల్టు లేని చిన్న బ్యాగుకి మారితే బరువంతా భుజాల మీదికొస్తుంది. పది కిలోలతో ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే మెడ పట్టేస్తుంది.

ముందు తీసేయడమే మేలు. బెంగళూరు నుంచి వారాంతంలో వెళ్లొచ్చే చాలా కొండలకు టెంటే అక్కర్లేదు. కర్ణాటకలోని కుద్రేముఖ్ కొండనే చూడండి. నేషనల్ పార్కు కాబట్టి కొండ మీద రాత్రి ఉండనివ్వరు. కొండ కింద ముళ్లోడి అనే ఊరి వైపు హోంస్టేలో పడుకుని, పొద్దున్నే ఎక్కి సాయంత్రానికి దిగిపోవాలి. టెంటు రెండున్నర కిలోలు, స్లీపింగ్ బ్యాగు కిలో పైన, స్టవ్వూ గిన్నెలూ ఇంకో కిలో. ఇవన్నీ ఇంట్లో వదిలేస్తే రూపాయి ఖర్చు లేకుండా నాలుగున్నర కిలోలు తగ్గినట్టే. జీన్సు కూడా వదిలేయండి. తడిస్తే బరువెక్కి, తొడలు ఒరుసుకుపోతాయి, రాత్రంతా ఆరేసినా ఆరదు. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు చాలు.

వానకి పాంచో మేలా, జాకెట్ మేలా? పాంచో మనిషినీ బ్యాగునీ కలిపి కప్పేస్తుంది, చవక, గాలి ఆడుతుంది. చెట్ల మధ్య దారికి అదే మంచిది. కానీ జూలైలో గడ్డికొండల అంచున గాలికి అది పైకి లేచి మొహాన్ని కప్పేస్తుంది, కింద రాయి కనపడదు. అక్కడ జాకెట్టే క్షేమం.

బ్యాగు పైన తొడిగే రెయిన్ కవర్‌ని మాత్రం నమ్ముకోవద్దు. వీపుకీ బ్యాగుకీ మధ్య జారే నీళ్లు వెనకనుంచి లోపలికి దిగుతాయి. మందపాటి పెద్ద పాలిథిన్ కవరు బ్యాగు లోపల పరిచి, బట్టలన్నీ అందులో పెట్టి, మూతి గట్టిగా మెలిపెట్టి కిందికి మడవండి. బరువు వంద గ్రాములు కూడా ఉండదు.

టెంటు వేయనిచ్చే చోటికి వెళ్తుంటే, టెంటా, టార్పాలిన్ పట్టానా? పట్టా తేలిక, కిలోలోపే. కానీ జలగల్నీ దోమల్నీ ఆపదు, గాలి దిశ చూసి కట్టడం తెలియాలి. కొత్తవాళ్లు ఇద్దరు ఒక టెంటు అద్దెకు తీసుకుని, గుడ్డ ఒకరూ కడ్డీలు ఒకరూ మోసుకోవడం మేలు.

నీళ్లు మాత్రం తగ్గించొద్దు. మనిషికి రెండు మూడు లీటర్లు ఉండాల్సిందే. తగ్గించాల్సింది బాటిల్ బరువు: వేడి నిలిపే స్టీలు ఫ్లాస్కు బదులు సాదా ప్లాస్టిక్ బాటిల్ పెట్టుకోండి. హెడ్‌ల్యాంపూ (తలకి కట్టుకునే లైటు) ఓఆర్‌ఎస్ ప్యాకెట్లూ తీయకండి, వాటి బరువెంతని!

ఇన్ని తీసేశాక మిగిలింది కాటా మీద తూచండి. అదే సామాను షాపుకి పట్టుకెళ్లి, కొత్త బ్యాగులో సర్ది, వేసుకుని నాలుగు మెట్లు ఎక్కి దిగండి. బెల్టు తుంటి ఎముక మీద కూర్చుని, భుజం పట్టీ కింద రెండు వేళ్లు దూరితే అది మీ సైజే.