కేయునిట్‌లో లాగ్ ప్రిఫిక్స్: పీఆర్_ఇన్ఫోనా, కేయునిట్_ఇన్ఫోనా?

కేయునిట్‌లో (లినక్స్ కెర్నల్ కోడ్‌కి యూనిట్ టెస్టులు రాసే సాధనం) టెస్ట్ ఫెయిలైంది. లాగ్‌లో "బఫర్ ఖాళీ" అని నాలుగు లైన్లున్నాయి. ఏది ఏ టెస్టుదో తెలియాలంటే ముందు ప్రిఫిక్స్, అంటే లైను మొదట్లో పేరు, ఉండాలి. అది ఎవరు పెట్టాలన్నదే ప్రశ్న: కెర్నల్ మామూలు లాగ్ మాక్రో పీఆర్_ఇన్ఫోనా, కేయునిట్ సొంత మాక్రో కేయునిట్_ఇన్ఫోనా?

పాత దారి పీఆర్_ఎఫ్ఎంటీ అనే మాక్రో. ఫైల్ మొదట్లో, ఇన్‌క్లూడ్‌ల కంటే ముందు, ఒక్కసారి డిఫైన్ చేస్తే ఆ ఫైల్లోని పీఆర్_ఇన్ఫోలన్నిటికీ మాడ్యూల్ పేరు వచ్చేస్తుంది. డ్రైవర్లకి బాగానే ఉంటుంది గానీ, ఇరవై టెస్టులున్న మాడ్యూల్‌లో ఇరవైకీ అదే పేరు! __ఫంక్__ (నడుస్తున్న ఫంక్షన్ పేరు) తగిలిస్తే కొంత నయం. కానీ మెసేజ్ హెల్పర్ ఫంక్షన్‌లో ఉంటే టెస్టు పేరు బదులు హెల్పర్ పేరు పడుతుంది.

కేయునిట్_ఇన్ఫోకి టెస్ట్ పాయింటర్ (నడుస్తున్న టెస్టుని చూపేది) ఇవ్వాలి, మిగతాది అదే చూసుకుంటుంది. కెర్నల్‌తో వచ్చే ఎగ్జాంపుల్ సూట్‌లో చూడండి:

# ఎగ్జాంపుల్_సింపుల్_టెస్ట్: ఇనిషియలైజింగ్

లైన్ ముందు నాలుగు ఖాళీలు కూడా ఉంటాయి. ఆ హ్యాష్ అలంకారం కాదు. కేటాప్ (కెర్నల్ టెస్ట్ ఫలితాలు రాసే) ఫార్మాట్‌లో అది డయాగ్నస్టిక్ లైన్ గుర్తు, ఫలితాలు చదివే పార్సర్ దాన్ని రిజల్ట్ అనుకోదు. పైగా అదే మెసేజ్ టెస్ట్ సొంత లాగ్‌లోకీ చేరుతుంది. కేయునిట్ డీబగ్‌ఎఫ్ఎస్ (డీబగ్ సమాచారాన్ని ఫైళ్లుగా చూపే సదుపాయం) ఆన్ చేసి ఉంటే సూట్ పేరు కింద రిజల్ట్స్ ఫైల్లో తీరిగ్గా చదువుకోవచ్చు. పీఆర్_ఇన్ఫో లైను అక్కడ కనపడదు, డీమెసేజ్‌లో (మొత్తం కెర్నల్ లాగ్) వెతుక్కోవాల్సిందే. నా ఓటు కేయునిట్_ఇన్ఫోకి పడేది ఇందుకే.

లోట్లు లేకపోలేదు. పారామీటర్ టెస్టుల్లో (ఒకే టెస్టు వేర్వేరు విలువలతో నడిచేవి) ప్రతి విలువకీ అదే టెస్టు పేరు వస్తుంది, విలువేదో మెసేజ్‌లో మనమే రాసుకోవాలి. పాయింటర్ అందని హెల్పర్లలో కేయునిట్_గెట్_కరెంట్_టెస్ట్ ఆ పాయింటర్ ఇచ్చి ఆదుకుంటుంది, అదీ టెస్ట్ నడిచే థ్రెడ్‌లోనే. వర్క్‌క్యూలోకి (వేరే థ్రెడ్‌లో నడిచే పనుల వరుస) వెళ్లిన పనిలో పిలిస్తే నల్, అంటే ఖాళీ పాయింటర్, వస్తుంది. పాయింటర్‌ని వర్క్ స్ట్రక్చర్‌లో పెట్టి పంపకపోతే అక్కడ పీఆర్_ఇన్ఫోయే గతి.

మూడో ఆలోచన కూడా కొందరికి వస్తుంది: ఓకే, నాట్ ఓకే అనే ఫలితాల లైన్లకే సొంత ప్రిఫిక్స్ తగిలిద్దామని. వద్దు. టెస్టులు నడిపి ఫలితాలు చదివే స్క్రిప్ట్ కేయునిట్.పై, మొదట వచ్చే "కేటాప్ వెర్షన్" లైనుకి ముందు ఎన్ని అక్షరాలున్నాయో కొలిచి, తర్వాతి లైన్లలోనూ అన్నే కోసేస్తుంది. టైమ్‌స్టాంప్ వెడల్పు ఒకటే కాబట్టి నెట్టుకొస్తుంది. మీ ప్రిఫిక్స్ లైనుకో పొడవుంటే "ఓకే" సగంలో తెగుతుంది, పాసైన టెస్టు లెక్కకి రాదు.

పరీక్షకి పెట్టిన డ్రైవర్ కోడ్‌లోని దేవ్_ఇన్ఫో, పీఆర్_ఎర్ లాగ్ మాక్రోలను మాత్రం కదపకండి. అవి టెస్ట్ లేనప్పుడూ పనిచేయాలి.